నేపుల్స్ వంటగదికి వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

ఇటలీలోని నేపుల్స్‌లో వంటపనికి కుదిరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. విన్నప్పటి నుంచి సంతోషమూ, గుబులూ రెండూ పట్టుకున్నాయి. ఆ ఊళ్లో పొయ్యి దగ్గర ఏళ్ల తరబడి నిలబడ్డవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నా.

నీ కత్తి నువ్వే తీసుకెళ్లు. జారని బూట్లు కొనుక్కో. పాస్తా నీళ్లలో లీటరుకి 10 గ్రాముల ఉప్పు వేస్తారు. ఆల్చిప్పల వంటకైతే తగ్గించు, వాటి రసమే ఉప్పన.

"చేపల మీద చీజ్ వెయ్యకూడదని ఎవరన్నారు, నేనడుగుతా" అన్నావట. చేరీ చేరగానే వద్దు తల్లీ. వోంగోలే అంటే అక్కడి చిన్న ఆల్చిప్పలు, వాటితో చేసే స్పగెట్టీ మీద చీజ్ వేస్తే ఆ సముద్రపు రుచి అణిగిపోతుంది, వాళ్ల పట్టుదలకి కారణం ఉంది. అలాగని అది ఇటలీ అంతటి శాసనమూ కాదు. బారీ ఊళ్లో అన్నం, బంగాళాదుంప, మస్సెల్స్ (ఇంకో రకం నల్ల ఆల్చిప్పలు) కలిపి చేసే తియెల్లాలో పెకొరీనో చీజ్ పడుతుంది. నేపుల్స్‌లోనే మస్సెల్స్‌తో పెకొరీనో వేసుకుంటారు. సిసిలీలో సార్డీన్ చేపల పాస్తా మీద చీజ్‌కి బదులు వేయించిన రొట్టెపొడి చల్లుతారు. ఇవాళ ఇటలీ బజార్లలో అమ్మే వోంగోలేలో ఎక్కువ భాగం 1983లో వెనిస్ ఉప్పు కయ్యలోకి తెచ్చి వదిలిన ఆసియా జాతిదే. టమాటా కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందేగా! అందుకని ఏది అసలైనదని వాదించకు. "మన దగ్గర ఎలా చేస్తారు?" అని అడిగి, ముందు అది చేతికి పట్టించుకో.

ఇక నా అసలు భయం. నాతో ఒక కుర్రాడు పనిచేసేవాడు, మంచి చెయ్యి. క్రిస్మస్ ముందు రాత్రి, అక్కడ చాలామంది మాంసం ముట్టరు, అందరికీ వోంగోలేనే కావాలి. ఆల్చిప్పల్ని ముందు సముద్రమంత ఉప్పునీళ్లలో, లీటరుకి 35 గ్రాములు, గంటల తరబడి ఉంచి ఇసుక కక్కిస్తాం. తర్వాత ఒక్కొక్కదాన్నీ చెక్క మీద తట్టాలి. ప్రాణమున్నది బిగుసుకునే ఉంటుంది, బురద నిండినది నల్లగా కక్కేస్తుంది. ఇదంతా ముసలమ్మల చాదస్తమనుకుని వాడు తట్టడం మానేశాడు. వెల్లుల్లి, నూనె, ఆల్చిప్పలు వేసి మూత పెట్టాడు. తీసేసరికి రసమంతా నల్లన. ఒకే ఒక్క బురద చిప్ప! బాణలి మొత్తం పారబోశాం. యజమానురాలు అరవలేదు. మిగిలిన సంచీ వాడి ముందు పెట్టి, పక్కనే కూర్చుని తానూ తట్టింది.

ఆవిడ అంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 1973లో నేపుల్స్‌లో కలరా వచ్చింది. అనుమానం ఆల్చిప్పల మీద పడి, అఖాతంలో మస్సెల్స్ పెంపకాలు పీకేశారు. ఆ రోజులు చూసిన మనిషి ఆవిడ. తట్టినా మూసుకోనిది, ఉడికినా తెరుచుకోనిది పారేయ్. ఖరీదు చూసి జాలిపడకు. చీజ్ గురించి ఎవరు తిట్టినా నీకేం కాదు, తినేవాళ్లకి ఏదైనా అయితే నేను తట్టుకోలేను.

మీ అమ్మ చింతపండు పులుసులా ఒక పాస్తా చెయ్యాలని ఉందన్నావట. పనివాళ్ల భోజనాలప్పుడు చెయ్యి, వోంగోలే అని మాత్రం అనకు. మొదటి జీతం వచ్చేదాకా అద్దెకి డబ్బు కావాలంటే నన్నడుగు, మీ అమ్మనడక్కు.

మీ మావయ్య