పసిపిల్లల ఇమ్యూనిటీ మీద రీసెర్చ్: తిండి పెట్టే చదువేనా?

నర్సంపేట నుంచి ఒక తండ్రి అడిగారు. బిడ్డ హనుమకొండలో బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనల్ ఇయర్. పుట్టిన పిల్లల్లో గ్రోత్ ఫ్యాక్టర్ రిసెప్టర్లు (కణాలను పెంచే ప్రోటీన్ల కబురు అందుకునేవి) రక్షణ కణాలను ఎలా నడిపిస్తాయో దాని మీదే పీహెచ్‌డీ చేస్తానంటోందట. "బీఈడీ చేయిద్దామనుకున్నాం, ఇది తిండి పెట్టే చదువేనా?" అని ఆయన టెన్షన్.

పెడుతుంది అన్నా, కాకపోతే కాస్త ఆలస్యంగా.

ముందు ఆమె ప్రశ్న ఎంత పెద్దదో చూడండి. పసిపిల్లల ఎముక మజ్జలో న్యూట్రోఫిల్ అనే రక్షణ కణాల నిల్వ తక్కువ, గట్టి ఇన్ఫెక్షన్ వస్తే తొందరగా అయిపోతాయి. వాటిని పెంచే ప్రోటీన్లలో జీఎం-సీఎస్ఎఫ్ ఒకటి, దాని కబురు అందుకునేది కణం మీదున్న రిసెప్టర్. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన 280 మంది పిల్లలతో బ్రిటన్‌లో చేసిన ట్రయల్ 2009లో లాన్సెట్‌లో వచ్చింది. ఆ ప్రోటీన్‌ను మందుగా ఇస్తే కణాలు పెరిగాయి గానీ సెప్సిస్ (ఒళ్లంతా దెబ్బతీసే తీవ్రమైన ఇన్ఫెక్షన్) తగ్గలేదు. ఎందుకు తగ్గలేదన్నది ఎంత అవసరమైన ప్రశ్నో, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో జబ్బుపడ్డ పసికందుల వార్డు (ఎస్ఎన్‌సీయూ) బయట కూర్చున్న తల్లిని అడిగితే తెలుస్తుంది.

ఇక దారి. తెలంగాణ పీజీ ఎంట్రన్స్ సీపీగెట్ రాస్తే కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ, దేశమంతటికీ పెట్టే గ్యాట్-బి, జామ్ ఎంట్రన్స్‌లు రాస్తే బయటి పెద్ద సంస్థలు. తర్వాత నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) కొడితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ అదనం. అది రాకుండా సొంత డబ్బుతో పీహెచ్‌డీకి మాత్రం పంపొద్దు.

ఎమ్మెస్సీలోనే పసిపిల్లల టాపిక్ కావాలని పట్టుబట్టొద్దు, ఫ్లో సైటోమెట్రీ నేర్చుకోమనండి. మెరిసే రంగు అంటించిన, రిసెప్టర్లకు అతుక్కునే యాంటీబాడీలు కలిపి కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపిస్తారు, ఎంత మెరిస్తే అన్ని రిసెప్టర్లు ఉన్నట్టు. పసిబిడ్డ నుంచి ఎక్కువ రక్తం తీయలేం కాబట్టి చాలావరకు బొడ్డుతాడు రక్తంతోనే ఈ పని చేస్తారు. బ్లడ్ క్యాన్సర్ రకం తేల్చేదీ ఇదే మిషన్ మీద, అందుకే దీని మీద చేయి తిరిగితే పీహెచ్‌డీ మధ్యలో ఆగినా డయాగ్నస్టిక్ ల్యాబుల్లో, హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీ బయోటెక్ కంపెనీల్లో ఉద్యోగం అడగొచ్చు. డబ్బులు కట్టి ప్రాజెక్టు సర్టిఫికెట్ కొనుక్కునే చోటికి మాత్రం పోనివ్వకండి, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

బీఈడీ ఎక్కడికీ పోదన్నా, ఎమ్మెస్సీ అయ్యాక కూడా చేయొచ్చు. జామ్ అప్లికేషన్లు మామూలుగా సెప్టెంబర్‌లో మొదలవుతాయి, ముందు ఆ ఫీజు కట్టండి.