ఒకే డిజైన్‌లో ఇరవై జతలు చేయించి చూడండి

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో ఎంపీసీ ఫస్టియర్ పూర్తి చేసింది. మార్కులు పర్వాలేదు. ఏడాదిగా పాలిమర్ క్లే, తోలు ముక్కలు, పూసలతో కమ్మలు, లాకెట్లు చేస్తోంది. ఫ్రెండ్స్, చుట్టాలు కొంటున్నారు. ఇంజినీరింగ్ వద్దు, ఇదే చేస్తానంటోంది. వాళ్ల నాన్న ససేమిరా అంటున్నారు. ఒక శిక్షణ కేంద్రం వాళ్లు మూడు నెలల సర్టిఫికెట్ కోర్సుకు పాతిక వేలు అడుగుతున్నారు. కట్టమంటారా? దీంతో బతకగలదా?
– ఒక తల్లి, పరకాల

జవాబు: అమ్మా, ముందు ఆ పాతిక వేల సంగతి. కట్టకండి. ఏడాదిగా సొంతంగా చేసి, నలుగురికి అమ్మిన పిల్లకు క్లే పిసకడం, పూసలు గుచ్చడం మళ్లీ మొదటి నుంచి నేర్పించాల్సిన పని లేదు. ఆ సర్టిఫికెట్ చూసి ఎవరూ కమ్మలు కొనరు, ఉద్యోగమూ ఇవ్వరు.

మీరు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. మీ అమ్మాయికి ఇష్టమైనది కొత్త డిజైన్లు ఆలోచించడమా, చేసి అమ్మడమా? పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ దారులు వేరు. మొదటిదానికి డిజైన్ చదువు కావాలి. రెండోదానికి లెక్కలు, బేరం, ఓపిక కావాలి; చదువు బీకామో బీబీఏనో అయినా సరిపోతుంది. ఈ సంగతి తేలకుండా ఇంజినీరింగా, నగలా అని ఇంట్లో ఎంత వాదించుకున్నా తెమలదు.

తేలడానికి ఒక పని చెప్తాను. తనకు బాగా నచ్చిన ఒక్క డిజైన్‌లో ఇరవై జతల కమ్మలు చేయమనండి. ఒకే రంగు, ఒకే సైజు. ఎంతసేపు పట్టిందో రాసుకోమనండి. నాలుగైదు జతలకే విసుగొచ్చి డిజైన్ మార్చేసిందనుకోండి, తిట్టకండి. ఆమె మనసు డిజైన్ మీద ఉందని అర్థం. చివరి జత దాకా ఓపిగ్గా చేసి, మొదటి జతకంటే త్వరగా, నీట్‌గా వస్తుంటే వ్యాపారం చేయగల చెయ్యి అది. షాపువాళ్లు ఒక పీస్ మెచ్చుకుని ఊరుకోరు, 'అచ్చం ఇట్లాంటివే యాభై కావాలి' అంటారు. ఆ మాట విని భయపడేవాళ్లే ఎక్కువ.

చేస్తున్నప్పుడు పాఠాలు వాటంతట అవే వస్తాయి. రెండు రంగులు ఎంతెంత కలిపిందో తూచి రాసుకోకపోతే రెండో ముద్దకు ఆ రంగు మళ్లీ రాదు. పాలిమర్ క్లే మట్టి కాదు, పీవీసీ ప్లాస్టిక్. ప్యాకెట్ మీద రాసిన వేడిలోనే కాల్చాలి. చాలా బ్రాండ్లకు అది 110 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. తక్కువైతే కమ్మ పైకి బాగానే కనిపించి వారానికే విరుగుతుంది. ఎక్కువై మాడితే ఘాటైన విషవాయువు వస్తుంది. అందుకే మీరు వంటకు వాడే ఓవెన్‌లో మాత్రం పెట్టనివ్వకండి. ఆ పాతిక వేలలో కొంత పెట్టి విడిగా ఒక చిన్న ఓటీజీ (టేబుల్ మీద పెట్టుకునే కరెంటు ఓవెన్), లోపల పెట్టే థర్మామీటర్ కొనివ్వండి. చిన్న ఓవెన్ల మీది అంకెలను నమ్మలేం. కాల్చేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచాలి.

ఇక డబ్బు. ఇక్కడే చాలామంది పిల్లలు దెబ్బతింటారు. ఉదాహరణకు జత 150 రూపాయలకు అమ్మిందనుకుందాం. క్లే, హుక్కులు, కార్డు, కవరుకు 40 పోతే 110 మిగిలినట్టు కనిపిస్తుంది. ఆ జతకు గంటన్నర పట్టి ఉంటే గంటకు 73 రూపాయలే. అందులోనే విరిగినవి, ఓవెన్ కరెంటు, కొరియర్. షాపులో పెడితే వాళ్ల కమీషన్ కూడా. అదే ఇరవై జతలు ఒకేసారి చేస్తే పిసకడం, పరచడం, కాల్చడం ఒక్కసారితో అయిపోతాయి, జతకు పట్టే టైమ్ సగానికి సగం తగ్గొచ్చు. తన కూలి కలపకుండా ధర పెట్టడం అలవాటైతే ఎన్ని ఆర్డర్లు వచ్చినా చేతిలో ఏమీ మిగలదు. చుట్టాల కొనుగోళ్లను ఈ లెక్కలో వేయకండి. వాళ్లు పిల్ల మీద ప్రేమతో కొంటారు. ముక్కూముఖం తెలియనివాళ్లు కొని, మళ్లీ వచ్చి అడిగారా అన్నదే చూడండి.

హుక్కుల దగ్గర పొదుపు వద్దు. చవక రకాల్లో నికెల్ ఉంటుంది, కొందరికి చెవులు దురద పెట్టి చీము పడతాయి. సర్జికల్ స్టీల్‌వో, వెండివో వాడమనండి.

తోలు గురించి కూడా ఒక మాట. బ్యాగులు కుట్టేవాళ్ల దగ్గర దొరికే ముక్కలు ఎక్కువగా క్రోమ్‌తో పదును చేసినవి. మెత్తగా ఉంటాయి గానీ వాటి మీద అచ్చు సరిగా నిలవదు. చెట్ల బెరడుతో పదును చేసిన తోలును తడిపి అచ్చు కొడితే పూలు, తీగలు చక్కగా లేస్తాయి. మనం బతుకమ్మలో పేర్చే తంగేడు ఉంది చూశారూ, దాని బెరడు ఈ పనికి పాతకాలం నుంచీ వాడుకలో ఉన్నదే. ఆ తోలు మీద తంగేడు పువ్వునే అచ్చు వేసి, పసుపు పూసలు కలిపి ఒక సెట్ చేస్తే ఎంత బాగుంటుందో! క్లే, పూసలు ఎక్కడివాళ్లకైనా దొరుకుతాయి. మన జిల్లాల గుర్తు ఉన్న నగ మనవాళ్లే చేయాలి. సెలవుల్లో ఒకరోజు జనగామ దగ్గర పెంబర్తికి తీసుకెళ్లి ఇత్తడి పని చూపించండి. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ కూడా. వెండి తీగను వెంట్రుకలా సాగదీసి అల్లే ఆ పని చూస్తే నగ అంటే ఏమిటో తనకే తెలుస్తుంది.

డిజైన్ వైపే మొగ్గితే, ఫ్యాషన్ చదువులు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ నిఫ్ట్ హైదరాబాద్ క్యాంపస్‌లో నాలుగేళ్ల బి.డిజైన్ ఉంది. నగలు, బ్యాగుల్లాంటి యాక్సెసరీల డిజైన్ అందులో ఒక విభాగం. ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్వాలేదు. ప్రవేశ పరీక్షలో బొమ్మ గీయడంతో పాటు, ఇచ్చిన సామగ్రితో ఒక మోడల్ చేసి చూపించే సిచ్యుయేషన్ టెస్ట్ ఉంటుంది. చేతిపని అలవాటున్న పిల్లకు అది పెద్ద బలం. తోలు మీద ఇష్టం ఉంటే చెప్పులు, తోలు వస్తువుల డిజైన్ నేర్పే ఎఫ్‌డీడీఐ హైదరాబాద్ క్యాంపస్ చూడండి. రెండు చోట్లా ఫీజు లక్షల్లోనే, ముందే లెక్క వేసుకోండి. చేసి అమ్మడమే ఇష్టమైతే హనుమకొండలోనే బీకాం చదువుతూ నడుపుకోవచ్చు. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి డబ్బులడిగే వాళ్లను నమ్మకండి.

బతకగలదా అని అడిగారు. మొదటి రెండేళ్లు దీని మీదే ఇల్లు గడుస్తుందని నేను చెప్పను. అందుకే వాళ్ల నాన్నగారి భయం తీసిపారేసేది కాదు. ఎంపీసీ ఎటూ చదువుతోంది, ఎప్‌సెట్ కూడా రాయించండి. ఆయన్ను ఒప్పించడానికి వాదన పెట్టుకోకండి, ఆ టైమ్, ఖర్చు రాసిన నోటుబుక్ ఆయన చేతికే ఇచ్చి లెక్క చూడమనండి.

సెలవుల్లో ఇరవై జతలు చేయించండి. బతుకమ్మ, దసరా రోజుల్లో బయటివాళ్లకు అమ్మమనండి. నిఫ్ట్ దరఖాస్తులు సాధారణంగా ఆ తర్వాతే మొదలవుతాయి. అప్పటికి ఏమైందో, ఎన్ని జతలు మిగిలాయో నాకు రాయండి. నిఫ్ట్‌కు అప్లై చేయాలా వద్దా అన్నది ఆ లెక్క చూసి చెప్తాను.