పది వేలతో రోడ్డు సైకిల్‌కు ముందు ఏం కొనాలి?

మీరు అడిగింది ఇదీ: ఉండేది కావలి. చెన్నైలో ఒకరి దగ్గర పాత రోడ్డు సైకిల్ కొన్నారు. షిమానో కంపెనీ క్లారిస్ గేర్ల సెట్టు, వెనుక ఎనిమిది గేర్లు, చక్రం రిమ్మును పట్టే రిమ్ బ్రేకులు, 23 సైజు (23 మిల్లీమీటర్ల వెడల్పు) టైర్లు. చెల్లెలు కూడా తొక్కుతుంది. చేతిలో ఇంకో పది వేలు ఉన్నాయి. ఒక స్నేహితుడు గేర్లు షిమానోలోనే పై రకమైన సోరాకు మార్చమంటున్నాడు, ఇంకొకరు పెడల్‌కు బిగిసే క్లిప్ షూస్ తీసుకోమంటున్నారు. ఏది ముందు?

రెండూ ఇప్పుడు వద్దండి. ముందు టైర్లు మార్చండి. తర్వాత ప్యాడ్ ఉన్న షార్ట్స్. ఆ తర్వాత లైట్లు, హెల్మెట్, బ్రేకులు. పది వేలు అక్కడికి సరిపోతాయి.

నేను నెల్లూరులో ఉంటాను. మైపాడు రోడ్డు, ముత్తుకూరు రోడ్డు, హైవే మీద చాలా ఏళ్లుగా తొక్కుతున్నాను. మన వైపు రైడ్ మధ్యలో ఆగిపోవడానికి కారణాలు మూడే: పంచర్, ఎండ, సీటు మీద కూర్చోలేకపోవడం. గేర్లు ఎనిమిదే ఉన్నాయని వెనక్కి తిరిగిన మనిషిని నేను చూడలేదు. ఇంటర్నెట్‌లో కనిపించే సలహాలు ఎక్కువగా చల్లటి దేశాల్లో, కొండ రోడ్ల మీద, పోటీలకు తొక్కేవాళ్లు రాసినవి. వాళ్లకు సైకిల్ బరువు అర కేజీ తగ్గితే లాభం ఉంటుంది. కావలి నుంచి తుమ్మలపెంట దాకా పోయి వచ్చేవాళ్లకు ఆ అర కేజీ తెలియను కూడా తెలియదు.

టైర్ల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మన రోడ్ల మీద అసలు యుద్ధం అక్కడే. మన దగ్గర పంచర్ చేసేవి ముఖ్యంగా మూడు. ఒకటి పల్లేరు కాయ. రోడ్డు అంచున మట్టి ఉన్న ప్రతిచోటా ఉంటుంది, ఏ పక్కన పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. రెండోది సర్కారు తుమ్మ ముల్లు. కంప కొట్టిన రోజుల్లో, కంప ట్రాక్టర్లు తిరిగిన దారుల్లో మరీ ఎక్కువ. మూడోది హైవే మీద లారీ టైర్లు పేలినప్పుడు రాలే సన్నటి ఉక్కు తీగ. ఇది వెంట్రుక మందాన ఉంటుంది, కంటికి కనిపించదు, సరిగ్గా మనం తొక్కే ఎడమ అంచులోనే పేరుకుంటుంది. ట్యూబ్ మార్చి గాలి కొట్టగానే మళ్లీ పంచర్ అయిందంటే తొంభై పాళ్లు ఆ తీగ టైరులోనే ఉండిపోయినట్టు. కొంచెం దూది తీసుకుని టైరు లోపలి వైపు చుట్టూ రుద్దండి, తీగ ఉన్నచోట దూది పట్టుకుంటుంది. వేలితో వెతికితే వేలు తెగుతుంది.

23 సైజు టైరులో దాదాపు 100 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి ఉండాలి. అంత గట్టిగా ఉంటే ప్రతి గుంతా నడుముకు తగులుతుంది. గాలి తగ్గిస్తే గుంత అంచుకు ట్యూబ్ నలిగి, పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. 28 సైజు టైరు అయితే 70 కేజీల మనిషికి 75, 80 పీఎస్‌ఐ చాలు. కుదుపు తగ్గుతుంది, ముల్లు అంత సులువుగా దిగదు, మన గరుకు తారు రోడ్డు మీద వేగం కూడా ఏమీ పోదు. కొనేటప్పుడు లోపల పంచర్ ప్రొటెక్షన్ పొర ఉన్నది అడిగి తీసుకోండి. మడతపెట్టే రకం ఖరీదు ఎక్కువ. తీగ అంచు ఉన్న మామూలు రకం వంద గ్రాములో ఎంతో బరువు ఎక్కువున్నా, సగం ధరకే వస్తుంది. మీకు అదే చాలు.

ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త. ఊళ్లో సైకిల్ షాపుకు వెళ్లి '28 టైరు' అంటే, పాలవాళ్ల సైకిళ్లకు వేసే 28 అంగుళాల టైరు ఇస్తారు. అది వేరు. మీ టైరు మీద 700 x 23సి అని, పక్కనే 23-622 అని ఉంటుంది. 622 అంటే టైరు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం, మిల్లీమీటర్లలో. పాత పెద్ద సైకిల్‌కు అది 635. 13 మిల్లీమీటర్ల తేడా, ఎంత లాగినా సరిపోదు. మీకు కావలసింది 28-622. షాపులో అయినా ఆన్‌లైన్‌లో అయినా ఆ 622 చూసి తీసుకోండి, మిగతా పేర్లన్నీ తికమక పెడతాయి.

వాల్వ్ కూడా అంతే. రోడ్డు సైకిళ్లకు సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటుంది. మన పంచర్ షాపుల్లో, పెట్రోల్ బంకుల్లో ఉండే పంపు దానికి పట్టదు. ముత్తుకూరు రోడ్డులో ఒక పెద్దాయన "ఇదేం వాల్వ్ అబ్బయ్యా, మా పంపు దీనికి ఎక్కదే" అన్నాడు. చిన్న ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, యాభై అరవై రూపాయలు. దాన్ని వాల్వ్ మీద బిగిస్తే బైకులకు కొట్టే గాలి దీనికీ కొట్టవచ్చు. రెండు కొని ఒకటి సీటు కింద సంచిలో, ఒకటి ఇంట్లో పెట్టుకోండి. మామూలు వాల్వ్ ట్యూబ్ వేయించుకుందామని రిమ్ము బెజ్జం పెద్దది చేయించే పని మాత్రం పెట్టుకోకండి, సన్నటి రిమ్ము బలం తగ్గుతుంది. ఇంట్లోకి మీటరు ఉన్న నిలువు పంపు ఒకటి తప్పదు. ఈ టైర్లలో గాలి రోజురోజుకూ కొంత తగ్గుతుంది, వేలితో నొక్కి చూస్తే సరిగా అంచనా అందదు.

ఇక షార్ట్స్. వెయ్యి, పన్నెండు వందల్లో మంచి ప్యాడ్ ఉన్నవి వస్తాయి. వీటిని లోదుస్తులు లేకుండా వేసుకోవాలి. చాలామందికి ఈ మాట చెప్పేవాళ్లుండరు. లోపల కాటన్ డ్రాయర్ వేసుకుంటే దాని కుట్టు ఒరుసుకుపోయి పుండు పడుతుంది, ప్యాడ్ ఉన్న ఉపయోగమంతా పోతుంది. మన కోస్తా చెమటకు ప్రతి రైడ్ తర్వాత ఉతకాల్సిందే. లోపలి వైపు బయటకు తిప్పి, నీడలో ఆరేయండి. ఎండలో ఎండిస్తే ఎలాస్టిక్ తొందరగా సాగిపోతుంది. ఊళ్లలో టీ కొట్టు దగ్గర బిగుతు షార్ట్స్‌తో నిలబడటానికి సంకోచంగా ఉంటే పైన పలుచటి వదులు షార్ట్ వేసుకోండి, మా గ్రూపులో చాలామంది అలాగే వస్తారు. మీ చెల్లెలు కూడా తొక్కుతుందన్నారు కదా, ఆడవాళ్ల ప్యాడ్ ఆకారం వేరు. పూర్తి పొడవు టైట్స్‌లో కూడా దొరుకుతుంది, తనకు అదే తీసుకోండి.

సీటు మీద మెత్తటి జెల్ కవర్ మాత్రం కొనకండి. పది కిలోమీటర్ల దాకా హాయిగా ఉంటుంది, ఆ తర్వాత ఒత్తిడంతా ఎముక మీద నుంచి పక్క కండ మీదికి పోయి తిమ్మిరెక్కుతుంది. నొప్పి ఉంటే ముందు సీటు ఎత్తు సరిచూడండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ పెడల్ మీద పెడితే కాలు నిటారుగా రావాలి. ముందరి పాదంతో తొక్కేటప్పుడు మోకాలు కాస్త వంగి ఉంటుంది. దీనికి ఖర్చు లేదు.

పైకి జెర్సీయే కావాలని లేదు. తిరుప్పూరు పాలియెస్టర్ టీ షర్టు, లేత రంగుది, రెండు మూడు వందలకు వచ్చేది చాలు. కాటన్ బనియన్ మాత్రం చెమట పీల్చి ఒంటికి అంటుకుపోతుంది. జెర్సీ ఉపయోగం వెనుక జేబులే. అవి కావాలనిపించినప్పుడు కొనుక్కోవచ్చు. ఎండకు చేతి స్లీవ్స్ కొనండి, చవక, నిజంగా పనిచేస్తాయి. రోహిణి కార్తెలో అయితే ఏ బట్టా కాపాడదు. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరి ఏడున్నరకల్లా ఇల్లు చేరాలి. రెండు నీళ్ల సీసాలు పెట్టుకోండి, ఒకదానిలో లీటరుకు ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు లెక్కన కలిపి నిమ్మకాయ పిండండి. ఖరీదైన పొడులు ఈ దూరాలకు అక్కర్లేదు. ఎండాకాలంలో పడమటి గాలి లేస్తే సముద్రం వైపు వెళ్లేటప్పుడు తోస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు ఎదురు నిలుస్తుంది. నీళ్ల లెక్క తిరుగు ప్రయాణానికి వేసుకోండి.

చీకట్లో బయలుదేరుతాం కాబట్టి లైట్ల దగ్గర పొదుపు వద్దు. వెనుక ఎర్ర లైటు తెల్లారాక కూడా వెలుగుతూనే ఉండాలి. ముందు లైటు కూడా అంతే అవసరం. సర్వీసు రోడ్డులో ఎదురుగా వచ్చే బైకులు, లైటు లేకుండా ఆగి ఉన్న లారీలు, ఎండాకాలం కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ పెట్టిన రాళ్లు, ఇవన్నీ చీకట్లో కనిపించాలి. ఒక చవక చిట్కా: బండ్లకు స్టిక్కర్లు వేసే షాపులో రేడియం ముక్కలు అడిగి పెడల్ క్రాంకులకు, బూట్ల మడమలకు అంటించండి. పైకీ కిందికీ కదిలే వెలుగును చూసి, అది సైకిల్ మీద మనిషని వెనుక డ్రైవర్ దూరం నుంచే పోల్చుకుంటాడు. హెల్మెట్ సైకిల్‌కు చేసినదే, ఈఎన్ 1078 లేదా సీపీఎస్‌సీ అనే భద్రతా గుర్తు ఉన్నది తీసుకోండి. కొత్తదే కొనండి. పాత హెల్మెట్ ఒకసారి నేలకు తగిలి ఉంటే లోపలి థర్మకోల్ దెబ్బతిన్న సంగతి పైకి తెలియదు.

పాత వస్తువుల మాట వచ్చింది కాబట్టి: పంపు, సీసా స్టాండు, పెడల్స్, సీటు పాతవి నిశ్చింతగా కొనవచ్చు. హెల్మెట్, టైర్లు, చెయిన్, కార్బన్‌తో చేసిన ఏ భాగమైనా పాతది ముట్టుకోకండి.

మీది పాత సైకిల్ కాబట్టి బ్రేకులు తప్పక చూడాలి. బ్రేకు ప్యాడ్లు విప్పి, ఇసుక రేణువులు, అల్యూమినియం తునకలు దిగబడి ఉంటే పిన్నీసుతో తీసేయండి, లేకపోతే రిమ్ము గీసుకుపోతుంది. గాడి అరిగిపోయి ఉంటే ప్యాడ్లు మార్చేయండి. కేబుళ్లు స్టెయిన్‌లెస్ తీసుకోండి, సముద్రపు గాలికి మామూలువి తుప్పు పట్టి బిగుసుకుంటాయి. రోడ్డు సైకిల్ బ్రేకు కేబుల్ తల బేరిపండు ఆకారంలో ఉంటుంది, ఊళ్లో దొరికే మిగతా సైకిళ్ల కేబుల్ తల చిన్న పీపాలా ఉంటుంది, మీ లివర్‌లో కూర్చోదు. ఇంకో మాట, ప్రాణానికి సంబంధించినది: గేరు కేబుల్ పైతొడుగును బ్రేకుకు ఎవరినీ వేయనివ్వకండి. చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ, గేరు తొడుగులో తీగలు నిలువుగా ఉంటాయి. గట్టిగా బ్రేకు పట్టినప్పుడు అది చీలిపోవచ్చు.

చెయిన్‌ను అంగుళాల స్కేలుతో కొలవండి. ఒక పిన్ను మధ్య సున్నా దగ్గర పెడితే, దాని తర్వాత ఇరవై నాలుగో పిన్ను మధ్య సరిగ్గా 12 అంగుళాల మీద ఉండాలి. అంగుళంలో పదహారో వంతు దాటితే చెయిన్ మార్చాలి. ఎనిమిదో వంతు దాటితే వెనుక పళ్లు కూడా అరిగినట్టే, ఖర్చు రెండింతలు. కొత్త ఎనిమిది స్పీడ్ చెయిన్ వెయ్యి లోపే. వాడిన ఇంజిన్ ఆయిల్ పోయకండి, దుమ్ము ముద్దకట్టి అదే అరగదీస్తుంది. చెయిన్ ఆయిల్ ఒక్కో లింకుకు ఒక్క చుక్క వేసి, పైపైన పూర్తిగా తుడిచేయాలి. చీమకుర్తి వైపు రాతి దుమ్ములో తిరిగినా, సముద్రం దాకా వెళ్లి వచ్చినా ఆ రోజే తుడవండి.

సోరా ఎందుకు వద్దంటే, అది తొమ్మిది స్పీడ్, అంటే వెనుక తొమ్మిది గేర్లు. గేరు మార్చే లివర్లు, వెనుక చక్రం పళ్లు, చెయిన్ అన్నీ మారాలి, మీ పది వేలు దాటిపోతుంది. వచ్చే లాభం రెండు గేర్ల మధ్య కొంచెం తక్కువ అంతరం, అంతే. కోస్తా అంతా చదును. ఉదయగిరి, పెంచలకోన వైపో, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌కో వెళ్లాలనుకున్న రోజున వెనుక పెద్ద పళ్ల సెట్టు ఒక్కటి వేసుకుంటే చాలు. దానికి మీ డిరైలర్ (చెయిన్‌ను ఒక గేరు నుంచి ఇంకోదానికి జరిపే భాగం) చేయి పొడవు చూడాలి, అప్పుడు చూద్దాం. క్లిప్ షూస్ కూడా ఊరి ట్రాఫిక్‌లో ధైర్యం కుదిరాకే. ఈలోగా గరుకు పిన్నులున్న అల్యూమినియం పెడల్స్ సరిపోతాయి. బిగించేటప్పుడు ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని గుర్తుంచుకోండి.

లెక్క వేస్తే టైర్లు రెండు 2,400, ట్యూబులు 600, పంపు 1,200, షార్ట్స్ 1,200, హెల్మెట్ 1,300, లైట్లు 1,000, బ్రేకు ప్యాడ్లు, కేబుళ్లు 800, ప్యాచ్‌లు, టైరు విప్పే లివర్లు, చిన్న టూల్ కలిపి 700, చెయిన్ ఆయిల్ 300. మొత్తం 9,500. ఆఫర్లను బట్టి అటూఇటూ అవుతుంది. చెయిన్ కూడా మార్చాల్సి వస్తే ముందు టైరు పాతదే కొన్నాళ్లు ఉంచి, వెనుకది మాత్రం మార్చండి. బరువు ఎక్కువ పడేది, పంచర్లు ఎక్కువ అయ్యేది దానికే.

ఆర్డర్ పెట్టే ముందు ఒక కొలత తీయండి. ఇప్పుడున్న టైరుకు, బ్రేకు పట్టుకు మధ్య పైన ఎంత ఖాళీ ఉందో, ఫోర్కు లోపల, వెనుక ఫ్రేములో రెండు పక్కలా ఎంత ఉందో మిల్లీమీటర్లలో కొలిచి ఇక్కడ రాయండి. 28 పడుతుందో, 25 దగ్గర ఆగాలో అది చూసి చెప్తాను.