హైవే వన్ మీద కారు ఆపి దిగండి: బిగ్ సర్ గురించి పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కాలిఫోర్నియా హైవే వన్ గురించి, అందులోనూ కార్మెల్ నుంచి శాన్ సిమియన్ దాకా ఉండే బిగ్ సర్ భాగం గురించి ఈమధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి కాలమ్ మొత్తం ఆ రోడ్డుకే ఇచ్చేశాం.

ప్రశ్న: ఫ్యామిలీతో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజిల్స్‌కి హైవే వన్ మీదుగా ఒక్క రోజులో వెళ్దాం అనుకుంటున్నాం అండి. బిక్స్‌బీ బ్రిడ్జి, సముద్రం పక్కన పడే వాటర్‌ఫాల్, ఊదా రంగు ఇసుక బీచ్ అన్నీ కవర్ చెయ్యాలి. అవుతుందా? (ఫ్రీమాంట్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అవ్వదండి. కారైతే వెళ్ళిపోతుంది, మీరు చూడడమే అవ్వదు. బిగ్ సర్ భాగం 90 మైళ్ళే గానీ అంతా మలుపులు, అటొక లేన్ ఇటొక లేన్, ఎక్కడా ఆగకపోయినా రెండున్నర మూడు గంటలు పట్టేస్తుంది, దానికి ముందు కార్మెల్ చేరడానికి రెండు గంటల పైన, తర్వాత లాస్ ఏంజిల్స్‌కి ఇంకో నాలుగైదు గంటలు, ఇక పిల్లలకి మలుపుల్లో కళ్ళు తిరిగితే ఆ రోజంతా వాళ్ళకి నరకమే. మాంటెరీలోనో కాంబ్రియాలోనో ఒక రాత్రి ఉండేలా ప్లాన్ మార్చుకోండి. రెండు రాత్రులైతే ఇంకా మంచిది.

పైనుంచి కిందికి, అంటే ఉత్తరం నుంచి దక్షిణానికే వెళ్ళండి. సముద్రం మీ వైపే ఉంటుంది, టర్నవుట్లలోకి (కారు ఆపుకోవడానికి రోడ్డు పక్కన వదిలిన చోట్లు) ఎదురు లేన్ దాటకుండా కుడివైపు దిగిపోవచ్చు. బిక్స్‌బీ దగ్గర మాత్రం చాలా జాగ్రత్త, అక్కడ పార్కింగ్ చోటు చిన్నది, చోటు దొరక్క కార్లని రోడ్డు మీదే సగం వదిలేసి ఫొటోలకి పరిగెత్తేవాళ్ళు ఉంటారు, మీరలా చెయ్యొద్దు, ఖాళీ లేకపోతే ముందుకెళ్ళిపోండి. ఆ బ్రిడ్జి 1932లోనే పూర్తయ్యింది, హైవే మొత్తం తెరుచుకుంది మాత్రం 1937లో, అంటే లోయ మీద 260 అడుగుల ఎత్తున అంత పెద్ద ఆర్చ్ కట్టేశాక కూడా దక్షిణం వైపు రోడ్డు పూర్తవ్వడానికి ఇంకో అయిదేళ్ళు పట్టింది. రోడ్డు పని మొత్తం 18 ఏళ్ళు, అందులో జైలు ఖైదీల చేత కూడా చేయించారు. ఆ కొండలని చూస్తూ నడిపితే ఎందుకంత టైమ్ పట్టిందో మీకే అర్థమవుతుంది.

వాటర్‌ఫాల్ అంటే మెక్‌వే ఫాల్స్, జూలియా ఫైఫర్ బర్న్స్ స్టేట్ పార్క్‌లో ఉంది. 80 అడుగుల ఎత్తు నుంచి నీళ్ళు ఇసుక మీద పడతాయి, పైనుంచి చూడడమే, కిందికి దిగడం నిషేధం. 1983లో పక్కనే పెద్ద కొండచరియ విరిగి ఆ మట్టంతా సముద్రంలో పడింది, దాంతో అక్కడ బీచ్ ఏర్పడింది గానీ అంతకు ముందు ఆ నీళ్ళు నేరుగా సముద్రంలోనే పడేవి. ఊదా ఇసుక ఉండేది ఫైఫర్ బీచ్‌లో. పేర్లు ఒకలాగే ఉన్నా ఈ రెండూ వేరే వేరే చోట్లు, మ్యాప్‌లో సరిగ్గా చూసుకోండి. కొండల్లోంచి కొట్టుకొచ్చే గార్నెట్ రేణువుల వల్ల ఆ రంగు, వానాకాలం తర్వాత ఎక్కువ కనిపిస్తుంది. అక్కడికి వెళ్ళే సికమోర్ కాన్యన్ రోడ్డు చాలా ఇరుకు, పెద్ద ఆర్‌వీలని (లోపలే పడుకునే ఇల్లులాంటి బళ్ళు) రానివ్వరు, పార్కింగ్ నిండిపోతే వెనక్కి పంపించేస్తారు, కాబట్టి పొద్దున్నే వెళ్ళాలి.

ఈ మూడింట్లో రెండే పెట్టుకుని, మిగిలిన టైమ్‌లో ఎక్కడైనా ఒక గంట నడవండి. నా మటుకు నేను గారపాటా స్టేట్ పార్క్‌లో సోబరేనస్ పాయింట్ చుట్టూ నడవమంటాను, రోడ్డు పక్కనే కారు పెట్టుకోవచ్చు, పెద్ద ఎక్కుడు లేదు, అలలు రాళ్ళ మీద పగిలే చప్పుడు ఒంట్లోకి దిగుతుంది. పదిహేను చోట్ల ఆగి ఫొటో తీసుకున్నా ఆ అనుభవం రాదండి.

ప్రశ్న: అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చారు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పి, ఎక్కువ నడవలేరు. కారులో కూర్చునే చూడాల్సిందేనా? (శాన్ హోసే నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అక్కర్లేదమ్మా, ఆయనకి చాలా ఉన్నాయి. పియేద్రస్ బ్లాంకస్ అని శాన్ సిమియన్‌కి ఉత్తరాన ఎలిఫెంట్ సీల్స్ అనే భారీ సముద్ర జంతువులు ఉండే చోటుంది, టికెట్ లేదు, కారు దిగగానే చదునైన చెక్క బాట, వీల్‌చైర్ కూడా వెళ్తుంది. 1990లో ఓ రెండు డజన్ల లోపు జంతువులు అక్కడ ఒడ్డెక్కాయి, తర్వాత ఇప్పుడు వేలల్లో అయ్యాయి. డిసెంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి దాకా అయితే పిల్లలు పుట్టే కాలం, పెద్ద మగవి రెండు టన్నుల పైన బరువుంటాయి, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ అరుస్తుంటే మీ నాన్నగారు అక్కణ్ణుంచి కదలరు. ఏప్రిల్, మేలో ఆడవి, చిన్నవి వచ్చి పాత చర్మం రాల్చుకుంటాయి. ఏడాదిలో ఎప్పుడెళ్ళినా ఎన్నో కొన్ని ఉంటాయి. కంచె మాత్రం దాటొద్దు, అవి చూడ్డానికి బద్ధకంగా పడుకున్నట్టే ఉంటాయి గానీ ఇసుక మీద కూడా మనమనుకున్న దానికన్నా చాలా స్పీడుగా వస్తాయి.

ఉత్తరం చివర పాయింట్ లోబోస్ ఉంది, పొద్దున 8కి గేటు తీస్తారు, వీకెండ్ అయితే ఆ టైమ్‌కే ఉండాలి, నిండితే బయట క్యూ. వేలర్స్ కోవ్‌లో పార్కింగ్ పక్కనే నిలబడి సీల్స్‌ని చూడొచ్చు. మాంటెరీ సైప్రస్ చెట్లు సహజంగా పెరిగే చోట్లు ప్రపంచం మొత్తంలో రెండే, అందులో ఒకటి ఇదే. నీళ్ళలో కెల్ప్ అనే పొడవాటి నాచు తేలుతూ ఉన్నచోట బైనాక్యులర్స్‌తో వెతకండి, వెల్లకిలా పడుకుని తేలే సీ ఓటర్లు (సముద్రపు నీటికుక్కలు) కనిపిస్తాయి. బొచ్చు కోసం వాటిని ఎంతలా చంపేశారంటే ఇక ఈ తీరంలో ఒక్కటీ మిగల్లేదనే చాలామంది అనుకున్నారు, అలాంటిది 1938లో బిక్స్‌బీ వాగు సముద్రంలో కలిసే చోట ఓ యాభై దాకా గుంపుగా కనబడ్డాయి. ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉన్న సుమారు మూడు వేలూ ఆ కొద్దిపాటి గుంపు సంతానమే. ఈ సంగతి మీ అమ్మగారికి ముందే చెప్పి తీసుకెళ్ళండి, ఒక్కటి కనిపించినా ఆవిడకి ఎంతో బాగుంటుంది.

ప్రశ్న: పిల్లలు బీచ్ అంటే స్విమ్మింగ్ అనుకుంటున్నారు. ఎక్కడ దింపొచ్చు?

జవాబు: సముద్రంలో దింపొద్దు. ఇది నేను గట్టిగానే చెప్తాను. నీళ్ళు ఎండాకాలంలో కూడా 50ల్లో, మహా అయితే 60 ఫారెన్‌హీట్ దగ్గర ఉంటాయి, అంత చల్లటి నీళ్ళలో ఒక్కసారిగా పడితే ఊపిరి అందదు, ఈత బాగా వచ్చినవాళ్ళకి కూడా కాళ్ళూ చేతులూ కొద్దిసేపట్లోనే మొద్దుబారతాయి. దానికి తోడు స్నీకర్ వేవ్స్, అంటే ఓ పది ఇరవై నిమిషాలు అలలు చిన్నగా వస్తూ వస్తూ ఉన్నట్టుండి ఒక పెద్దది ఒడ్డు పైదాకా వచ్చి మనిషిని లాక్కెళ్ళిపోతుంది. తడి ఇసుక, తడి రాయి ఎక్కడిదాకా ఉందో చూసుకుని దానికి బాగా వెనకే ఉండాలి, సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగొద్దు. కార్మెల్‌కి దక్షిణాన మొనాస్టరీ బీచ్ రోడ్డు పక్కనే అందంగా కనిపిస్తుంది, కానీ అక్కడ ఒడ్డు ఒక్కసారిగా లోతుకి దిగిపోతుంది, చాలామంది ప్రాణాలు పోయాయి. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకాలే దూకొద్దు, తేలే వస్తువేదైనా విసిరి, కళ్ళు వాళ్ళ మీదే పెట్టి, ఇంకొకరిని సిగ్నల్ ఉన్న చోటికో దగ్గర్లోని పార్క్ రేంజర్ దగ్గరికో పంపాలి.

పిల్లలకి నీళ్ళే కావాలంటే ఎండాకాలంలో ఫైఫర్ బిగ్ సర్ స్టేట్ పార్క్‌లో బిగ్ సర్ నది ఉంది. రెడ్‌వుడ్ చెట్ల నీడ, లోతు తక్కువ, గులకరాళ్ళు, సాయంత్రం దాకా ఆడుకుంటారు. అక్కడ కూడా పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి, ఫోన్ పక్కన పెట్టి.

ప్రశ్న: ప్రతి ఏడూ ఆ రోడ్డు ఎందుకు మూసేస్తారు? మేం రెండుసార్లు బుకింగ్ చేసుకుని క్యాన్సిల్ చేసుకున్నాం, కోపం వస్తోంది.

జవాబు: కోపం రావడం సహజమే. కానీ అసలు ఆ రోడ్డు అక్కడ నిలబడి ఉండడమే గొప్ప అండి. సాంటా లూసియా కొండలు సముద్రంలోంచి నేరుగా లేస్తాయి, కోన్ పీక్ అనే శిఖరం 5,155 అడుగులు, సముద్రానికి దాదాపు మూడు మైళ్ళ దూరంలోనే. రాయి చాలాచోట్ల నలిగిపోయి పొడిపొడిగా ఉంటుంది, కింద అలలు కోస్తుంటాయి, పైన వాన నానబెడుతుంది. 2017 మే 20న మడ్ క్రీక్ దగ్గర కొండ మొత్తం జారి రోడ్డుని పూడ్చేసి సముద్రంలోకి కొత్త నేలనే తోసింది, దాని మీదుగా మళ్ళీ రోడ్డు వేసి తెరిచేసరికి 2018 జులై. 2017లోనే ఫైఫర్ కాన్యన్ బ్రిడ్జి దెబ్బతింటే కూల్చేసి అక్టోబర్‌కి కొత్తది కట్టారు. 2020లో డోలన్ ఫైర్‌కి చెట్లు, గడ్డి కాలిపోయిన కొండ మీద 2021 జనవరిలో కుండపోత వాన పడితే రాట్ క్రీక్ దగ్గర రోడ్డు ముక్క సముద్రంలోకి కొట్టుకుపోయింది. పట్టి ఉంచే వేళ్ళు లేకపోతే నీళ్ళతో పాటు మట్టీ, రాళ్ళూ, దుంగలూ అన్నీ దిగుతాయి, కాబట్టి పెద్ద మంట తర్వాత వచ్చే చలికాలం అంటే అనుమానించాల్సిందే.

మీరు చెయ్యాల్సింది ఏంటంటే, బయల్దేరే రోజు పొద్దున క్యాల్‌ట్రాన్స్ (రాష్ట్ర రోడ్ల శాఖ) వాళ్ళ క్విక్‌మ్యాప్ చూడండి, మామూలు మ్యాప్ యాప్‌ని నమ్ముకోవద్దు. డిసెంబర్ నుంచి మార్చి దాకా అయితే క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కిచ్చే గదే తీసుకోండి. మధ్యలో మూసినా సాధారణంగా రెండు వైపుల నుంచీ కొంత దూరం వెళ్ళనిస్తారు, అప్పుడు అటువైపు జనం తక్కువ, నడవడానికి అంతకన్నా మంచి టైమ్ దొరకదు. ఏప్రిల్ చివర్లో బిగ్ సర్ మారథాన్ రోజు కూడా పొద్దున రోడ్డు మూస్తారు, తేదీ చూసుకోండి.

ప్రశ్న: హోటళ్ళు చాలా రేటు. టర్నవుట్‌లో కారు ఆపుకుని రాత్రి పడుకుంటే ఏమవుతుంది? చిన్న మంట వేసుకోవచ్చా?

జవాబు: పడుకోవడానికి వీల్లేదు, రాత్రి పూట తలుపు కొట్టి లేపుతారు, ఫైన్ కూడా పడుతుంది. మంట సంగతి అయితే దయచేసి ఆలోచన కూడా చెయ్యొద్దు. 2016 జులైలో గారపాటా పార్క్‌లో ఎవరో పర్మిషన్ లేకుండా క్యాంప్‌ఫైర్ వేసి ఆర్పకుండా వెళ్ళారు, అదే సోబరేనస్ ఫైర్, అక్టోబర్ దాకా మండింది, లక్షా 32 వేల ఎకరాలు, 57 ఇళ్ళు, ఆర్పడానికొచ్చిన ఒక బుల్డోజర్ డ్రైవర్ ప్రాణం. ఒక్క చిన్న మంట.

స్టేట్ పార్క్ క్యాంప్‌సైట్లు రిజర్వ్‌కాలిఫోర్నియా వెబ్‌సైట్‌లో ఆరు నెలల ముందు తెరుచుకుంటాయి, తెరిచిన నిమిషాల్లో వీకెండ్లు అయిపోతాయి, వారం మధ్యలో చూడండి. ఫారెస్ట్ సర్వీస్ వాళ్ళ కర్క్ క్రీక్, ప్లాస్కెట్ క్రీక్ వేరే సైట్‌లో బుక్ చెయ్యాలి, కర్క్ క్రీక్‌లో అయితే టెంట్‌లోంచి తల బయట పెడితే సముద్రమే. క్యాన్సిలేషన్లు కూడా దొరుకుతుంటాయి, రోజూ ఓసారి చూస్తూ ఉండండి.

ప్రశ్న: జులైలో వెళ్తే అంతా పొగమంచే, ఏమీ కనబళ్ళేదు. మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి?

జవాబు: సెప్టెంబర్, అక్టోబర్. లేదా ఏప్రిల్, మే. ఎండాకాలంలో చల్లటి సముద్రం మీద గాలి మంచై ఒడ్డుకి అతుక్కుంటుంది, మధ్యాహ్నానికి కొంచెం విడిపోవచ్చు, విడిపోకపోవచ్చు. కొండ మీదికి ఎక్కే ట్రెయిల్ అయితే మంచు పైకి వెళ్ళిపోతారు, కింద తెల్లగా పరుచుకుని ఉంటుంది.

ప్రశ్న: హైక్ చేసొచ్చిన రెండు రోజులకి కాళ్ళ మీద ఎర్రగా దద్దుర్లు, నీటి పొక్కులు, విపరీతమైన దురద. ఇదేంటి?

జవాబు: చాలావరకు పాయిజన్ ఓక్ అయ్యుంటుంది, అయినా డాక్టర్‌కి చూపించుకోండి, ముఖం వాచినా కళ్ళ దగ్గరికొచ్చినా అస్సలు ఆగొద్దు. మూడేసి ఆకులు కలిసి ఉంటాయి, చలికాలంలో ఆకు రాలిన పుల్లకి కూడా ఆ నూనె ఉంటుంది. ఇకనుంచి ఫుల్ ప్యాంటు వేసుకోండి, ఇరుకు ట్రెయిల్‌లో మధ్యలోనే నడవండి, వచ్చిన వెంటనే సబ్బుతో కడుక్కోండి, బట్టలు, షూస్ వేరుగా ఉతకండి. అలాగే టిక్స్ అని చిన్న పురుగులు ఉంటాయి, మోకాళ్ళ వెనకా చంకల్లో వెతుక్కోండి.

ప్రశ్న: నేను కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నాను. మెల్లగా వెళ్తుంటే వెనకవాళ్ళు హారన్ కొడుతున్నారు, భయమేస్తోంది. (శాక్రమెంటో నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మెల్లగా వెళ్ళడంలో తప్పేం లేదు, దారి ఇస్తే చాలు. ఇలాంటి రెండు లేన్ల రోడ్డు మీద మీ వెనక అయిదు, అంతకన్నా ఎక్కువ బళ్ళు చేరితే సేఫ్‌గా ఉన్న మొదటి టర్నవుట్‌లోకి తప్పుకోవాలని కాలిఫోర్నియా చట్టమే చెప్తుంది. మీరు అయిదు దాకా ఆగకుండా ఇద్దరు ముగ్గురు రాగానే సిగ్నల్ వేసి పక్కకి దిగిపోండి, వాళ్ళు వెళ్ళిపోతారు, మీకు ఓ నిమిషం సముద్రం చూడ్డానికి దొరుకుతుంది. పెట్రోల్ కార్మెల్‌లోనో కాంబ్రియాలోనో నింపుకోండి, మధ్యలో బంకులు తక్కువ, ధర ఎక్కువ. ఫోన్ సిగ్నల్ చాలా దూరం ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, ఎక్కడికి వెళ్తున్నారో ఎన్నింటికి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి బయల్దేరండి. చీకటి పడ్డాక మాత్రం మొదటిసారే నడపొద్దు.

ప్రశ్న: కొండ అంచు మీద చాలా పెద్ద నల్ల పక్షి కనిపించింది, రెక్క మీద నంబర్ ఉంది. గద్దా?

జవాబు: గద్ద కాదు, కాలిఫోర్నియా కాండర్! రెక్కలు చాపితే తొమ్మిదిన్నర అడుగులు. 1987లో ప్రపంచం మొత్తంలో 27 మాత్రమే మిగిలితే అడవిలో ఉన్న చివరిదాన్ని కూడా పట్టుకుని పెంపకంలో పిల్లల్ని పుట్టించారు, 1997 నుంచి బిగ్ సర్‌లో మళ్ళీ వదలడం మొదలుపెట్టారు. ఆ నంబర్ ఏ పక్షో గుర్తుపట్టడానికి. వెంటానా వైల్డ్‌లైఫ్ సొసైటీ వాళ్ళు వీటిని చూసుకుంటున్నారు, నంబర్, రంగు, చోటు రాసి పంపిస్తే వాళ్ళకి పనికొస్తుంది. మళ్ళీ కనిపిస్తే దగ్గరికి వెళ్ళొద్దు, తిండి అసలు వెయ్యొద్దు, చిన్న ప్లాస్టిక్ ముక్క, సీసా మూత కూడా కింద వదలొద్దు, అవి తీసుకెళ్ళి పిల్లల నోట్లో పెడతాయి.