మఫ్లర్ తీసి ఇంట్లో పెట్టు

చి. శీనుకి, మామయ్య దీవించి రాస్తున్నది.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో ఎక్కి నడిపే గడ్డి కోసే బండి చూపించావు కదా, మీ అత్తయ్య తెగ మురిసిపోయింది. "మిషిగన్ వెళ్లినా మనవాడికి ట్రాక్టరు పిచ్చి పోలేదండీ" అంది. నేనూ మురిశాను. కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లాడు బెల్టూ పుల్లీ అంటూ మాట్లాడుతుంటే మేనమామకి అంతకంటే ఏం కావాలి? కానీ ఫోన్ పెట్టేసే ముందు ఒక మాటన్నావు. రెండు రాత్రులుగా అదే టెన్షన్. ఫోన్లో చెబితే "సరే మామయ్యా" అని దాటేస్తావు. అందుకే కాయితం మీద రాసి, మా వాడి చేత ఫొటోలు తీయించి పంపుతున్నాను.

ముందు చిన్న సంగతులు. మంచు ఊదే మిషన్‌ని బండి ముందు తగిలిస్తే బరువంతా ముందుకే పోతుంది. వెనక చక్రాలకి బరువులూ గొలుసులూ కట్టకపోతే బండి నిలబడ్డచోటే జారుతుంది. వాలు 15 డిగ్రీలు దాటితే అటు పోనే వద్దు. మిషన్ తో వచ్చిన పుస్తకంలో ఏ బెల్టు రాసి ఉంటే అదే వెయ్యి. వసంతంలో కూరగాయల మడికి వెనక మట్టి తిరగేసే టిల్లర్ పెడతానన్నావు. అది గడ్డి కోయడానికి చేసిన బండి, దాని గేర్ పెట్టె మట్టితో కుస్తీ పట్టలేదు. సొంత ఇంజను ఉన్న టిల్లర్ దొరుకుతుందట, అది లాగించుకో. ఇక మంచు మిషన్‌లో ఉండే షియర్ బోల్టు. అది తెగడానికే పెడతారు. రాయో మంచుగడ్డో అడ్డుపడితే ముందు అది తెగి గేర్ పెట్టెని కాపాడుతుంది. మాటిమాటికీ తెగుతోందని గట్టి బోల్టు బిగించకు. కంపెనీవి నాలుగైదు కొని సీటు కింద పడేసుకో.

ఇప్పుడు నువ్వన్న మాట. ఆకులు పీల్చే మిషన్ మూతి దగ్గర ఇరుక్కుంటే తియ్యడానికి దిగుతున్నావు, దిగగానే ఇంజను ఆగిపోతోంది, అందుకని సీటు కింద స్విచ్ వైర్లు రెండూ కలిపేస్తానన్నావు. నవ్వుతూ అన్నావు. ఒరేయ్, ఆగిపోవడానికే రా దాన్ని పెట్టింది!

మీ నాన్న ఎడమ చెయ్యి పైకి పూర్తిగా లేవదు, చూశావు కదా. పొలం గట్టు మీద జారి పడ్డాడని మీ అమ్మకి చెప్పాం. ఆమె ఇప్పటికీ అదే అనుకుంటోంది.

2007 ఏప్రిల్. మొక్కజొన్న కోత అయిపోయి కొయ్యలు మిగిలాయి. కొత్తగా ట్రాక్టరు వెనక తగిలించి మట్టి గుల్ల చేసే రోటావేటర్ కొన్నాను, నా గర్వానికి అంతు లేదు. ట్రాక్టరు నుంచి రోటావేటర్‌కి తిరిగే షాఫ్టు మీద పసుపు రంగు ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. దాన్ని కదలకుండా పట్టే చిన్న గొలుసు తెగిపోయింది. గొట్టం కూడా తిరుగుతూ కీచుమని ఒకటే గోల. గ్రీజు పెట్టడానికీ అడ్డం. పీకి పశువుల కొట్టం మీదకి విసిరేశాను. పది రోజులు ఏమీ కాలేదు. ఆ పది రోజులే నన్ను చెడగొట్టాయి.

పదకొండో రోజు మీ నాన్న బెజవాడ నుంచి వచ్చాడు. లుంగీ, భుజాన తువ్వాలు. నేను పి.టి.ఓ., అంటే ఇంజను బలంతో ఆ షాఫ్టుని తిప్పేది, ఆపకుండానే బండి దిగి, "బావా, ఈ గేర్ పెట్టెలో ఏదో చప్పుడు, చెవి పెట్టి విను" అన్నాను. అవును, నేనే పిలిచాను. ఆయన వంగాడు. తువ్వాలు కొస షాఫ్టు మీద కీలుకి తగిలింది.

ఆ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకి 9. చుట్టుకి అడుగు లాగినా సెకనుకి 9 అడుగులు. తువ్వాలు పొడవెంత? 5 అడుగులు. నా నోట్లోంచి "బా" అనే అక్షరం వచ్చేలోపే ఆయన మెడ షాఫ్టుకి జానెడు దూరంలో ఉంది. భుజం రోటావేటర్‌ని పట్టి ఉంచే ఇనప కడ్డీకి కొట్టుకున్న చప్పుడు ఇంజను మోతలోనూ వినపడింది. అప్పుడు పర్‌మని చిరిగింది తువ్వాలు. పాతది, నడుమ నీరసించింది. "ఆ గుడ్డపీలిక మార్చండి" అని మీ అమ్మ ఏడాదిగా పోరుతోంది. మార్చలేదు, అందుకే బతికాడు. షాఫ్టుకి చుట్టుకున్న ముక్కని తర్వాత కొడవలితో కోసి తీశాను. మాడిన వాసన. నా చేతులు సాయంత్రం దాకా వణుకుతూనే ఉన్నాయి. మీ నాన్న మాత్రం చల్లగా, "మీ అక్కకి చెప్పకు, తువ్వాలు విషయంలో తనదే కరెక్టంటుంది" అన్నాడు.

మర్నాడు కొట్టమెక్కి గొట్టం వెతికి తెచ్చి, కొత్త గొలుసు వేశాను.

నీ బండి ఇంజను నిమిషానికి 3,000 చుట్ల పైన తిరుగుతుంది. ఆకులు ఇరుక్కుంటే ఇంజను ఆపు, తాళంచెవి తీసి జేబులో వేసుకో, తిరిగేది పూర్తిగా నిలిచిందాకా ఆగు. మంచు ఇరుక్కున్నా అంతే. ఆపాక కూడా చెయ్యి పెట్టకు, కర్రతో తియ్యి. పనికి నిమిషం ఎక్కువ పడితే పడనీ. నీకు ఆఫీసు మీటింగులున్నాయని నాకు తెలుసు. ఉండనీ.

ఇంకొకటి. చిన్నప్పుడు నిన్ను మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుని చేలన్నీ తిప్పాను. నీకది తీపి జ్ఞాపకం, ప్రతిసారీ చెబుతావు. తప్పు నాన్నా అది. ఒక్క గతుకు చాలు కింద పడటానికి. పాప ఏడ్చినా, మొండికేసినా ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ బండి నడపకు. బండి బయటికి తీస్తే పాప ఇంట్లో ఉండాలి. వెనక్కి తిప్పేముందు తల తిప్పి చూడు.

మొన్న మీ అమ్మ అల్లి పంపిన మెరూన్ మఫ్లర్ వేసుకుని వీడియోలో కనిపించావు. బాగుంది. బండెక్కే ముందు మాత్రం తీసి ఇంట్లో పెట్టు. మెడ చలేస్తే గొంతుదాకా జిప్పున్న జాకెట్ కొనుక్కో, డబ్బులు నేనిస్తాను. మఫ్లర్ ఏదని మీ అమ్మ అడిగితే ఉక్కగా ఉందని చెప్పు. మిషిగన్లో ఉక్కేమిట్రా అంటుందేమో, అప్పుడు ఫోన్ మీ నాన్నకివ్వమను.

వైర్లు కలపలేదని సీటు కింద ఫొటో తీసి పంపు. ఈ కాయితాలు మాత్రం మీ అమ్మకి ఫార్వర్డ్ చెయ్యకు.

మీ మామయ్య