సంరక్షణలోని పాపకు టీసీ లేక అడ్మిషన్ ఆగితే
మీరు కేసు చూస్తున్న పాప చిత్తూరు బాలల హోమ్ నుంచి తిరుపతి పెంపక కుటుంబానికి వచ్చిందని, టీసీ లేదని ఏడో తరగతి అడ్మిషన్ ఆపారని అడిగారు; చాలావరకు చిక్కు ఆన్‌లైన్‌లోనే ఉంటుంది, పేరు ఇంకా పాత బడి రికార్డులోనే ఉండుంటుంది.

1. పాత హెడ్మాస్టరుతో యూడైస్ ప్లస్‌లో (బడుల, విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్) పాప పేరును డ్రాప్‌బాక్స్‌లోకి, అంటే బడి వదిలిన పిల్లల జాబితాలోకి పెట్టించండి. అందరూ మరిచిపోయేది ఇదే. కాగితం టీసీ చేతికొచ్చినా సరే, అక్కడ వదలకపోతే కొత్త బడివాళ్లు పెన్ నంబరు (విద్యార్థి శాశ్వత గుర్తింపు సంఖ్య) కొట్టి పాపను తమ జాబితాలోకి తెచ్చుకోలేరు.

2. అర్జీ మీ పేరుతో వద్దు. పెంపక తల్లిదండ్రులు సంతకం పెట్టి, బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు కాపీ జతచేయాలి.

3. ఈలోగా పాపను ఇంట్లో కూర్చోబెట్టకండి, ఇల్లూ ఊరూ మారి ఇప్పటికే బెదిరిపోయి ఉంటుంది. టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి అడ్మిషన్ ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 చెబుతోంది. అయినా వినకపోతే ఎంఈఓకు (మండల విద్యాధికారి) రాసివ్వండి.