స్కిమ్మర్ సంగతి సరే, తొట్టెలోని పగడాల మాటేమిటి?

ప్రశ్న: మాది హైదరాబాద్. గత నవంబరులో ఒక అక్వేరియం దుకాణంలో 60 లీటర్ల సముద్రపు నీటి తొట్టె కొన్నాం. తొట్టె, లైటు, పంపు, ఉప్పు, రాళ్లు, రెండు క్లౌన్ చేపలు, రెండు గట్టి పగడపు ముక్కలు కలిపి 41,500 రూపాయలు. అందులో పగడాలకే 9,000. నీటిలోని మురికిని బుడగలతో లాగేసే ప్రొటీన్ స్కిమ్మర్ కూడా పెట్టాలా అని అడిగితే, ‘ఇంత చిన్న తొట్టెకు అక్కర్లేదు, దండగ’ అని దుకాణదారు వాట్సాప్‌లో జవాబిచ్చారు. మూడు నెలలు తిరిగేసరికి చేపలు రెండూ చనిపోయాయి. ఒక పగడం తెల్లగా పాలిపోయింది, రెండోది ఇంకా బతికే ఉంది. స్కిమ్మర్ లేకపోవడమే కారణమని మరో దుకాణంలో చెప్పారు. తొట్టెలో నీరు తగ్గినప్పుడల్లా మేము ఉప్పు నీళ్లే కలిపి పోశాం. బిల్లులో ‘అక్వేరియం సామగ్రి’ అని మాత్రమే ఉంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి మొత్తం డబ్బు రాబట్టుకోవచ్చా?

జవాబు: కమిషన్‌కు వెళ్లవచ్చు. కానీ నాకు రాసిన ఈ ఉత్తరాన్నే ఫిర్యాదుగా మార్చి దాఖలు చేస్తే, దుకాణదారు కంటే ముందు మీరు చిక్కుల్లో పడతారు. ఎందుకో చెప్పే ముందు, మీరు అడిగిన దానికి జవాబు చెబుతాను.

నేను న్యాయవాదిని, నాకు చేపల పెంపకం తెలియదు. మా జూనియర్ ఒకరి ఇంట్లో ఇలాంటి తొట్టె ఉంటే, మీ ఉత్తరం వచ్చాక వెళ్లి చూశాను. స్కిమ్మర్ అడుగు నుంచి సన్నటి గాలి బుడగలు నురగలా పైకి లేస్తున్నాయి. చేపల విసర్జనలు, తినగా మిగిలిన మేత నీటిలో కుళ్లి అమ్మోనియాగా మారకముందే, వాటి తాలూకు జిగురు ఆ బుడగలకు అంటుకుని పైనున్న కప్పులో చేరుతుంది. ఆ కప్పు తీసి నా ముందు పెట్టాడు. రంగు చిక్కటి టీ డికాషన్, వాసన మాత్రం చేపల మార్కెట్టు. అదంతా నీటిలోనే ఉండిపోతే ఏమవుతుందని అడిగాను. వారం వారం నీళ్లు మారిస్తే ఏమీ కాదన్నాడు. 60 లీటర్లలో పది శాతమంటే ఆరు లీటర్లు, అర బకెట్టు కూడా కాదు. చిన్న తొట్టెలున్నవారిలో చాలామంది స్కిమ్మర్ లేకుండా ఇలా నీళ్లు మార్చుకుంటూనే నెట్టుకొస్తారట. చేపలు ఎక్కువైనా, శుభ్రమైన నీరు కోరే గట్టి పగడాలు పెంచినా స్కిమ్మర్ ఉంటే మేలని కూడా అతడే అన్నాడు.

ఈ మాటల్లో మీ కేసు బలమూ ఉంది, బలహీనతా ఉంది. ముందు బలం చూద్దాం. సరకుల విక్రయ చట్టం, 1930లోని 16వ సెక్షన్ ప్రకారం, ఏ పనికోసం కొంటున్నారో అమ్మేవారికి తెలిపి, వారి నైపుణ్యాన్ని నమ్మి కొన్నప్పుడు, ఆ సరుకు ఆ పనికి తగినదై ఉండాలి. ‘మాకు చేపలు, పగడాలు ఉండే చిన్న తొట్టె కావాలి, స్కిమ్మర్ అవసరమా’ అని మీరు అడిగారు. ఆ వ్యాపారమే చేసే మనిషి అక్కర్లేదని రాతపూర్వకంగా చెప్పాడు. ఆ వాట్సాప్ సందేశాన్ని చెరిపేయకండి, ఫోను మార్చినా జాగ్రత్త చేయండి. బలహీనత ఏమిటంటే, ఆ సలహా తప్పని రుజువు చేయాల్సింది మీరే. తెలిసినవారిలోనే రెండు అభిప్రాయాలున్న విషయంలో ఒకవైపు సలహా ఇచ్చినంత మాత్రాన సేవాలోపం అవుతుందని కమిషన్‌ను ఒప్పించడం కష్టం. పక్క దుకాణదారు నోటి మాట సాక్ష్యం కాదు. పైగా అతడు స్కిమ్మర్లు అమ్ముతాడు.

ఇక దుకాణదారు తరఫు న్యాయవాది మిమ్మల్ని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు: ‘నీరు తగ్గినప్పుడు ఏ నీళ్లు పోశారు?’ ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టెలోనే ఉంటుంది. అందుకే తగ్గిన మేరకు ఉప్పు లేని మంచినీళ్లు పోయాలి. రోజుకు అర లీటరు ఆవిరైందనుకున్నా 90 రోజులకు 45 లీటర్లు. లీటరుకు 35 గ్రాముల చొప్పున కిలోన్నర పైచిలుకు ఉప్పు మీరు అదనంగా కలిపినట్టు లెక్క. తొట్టెలో మొదట ఉన్న ఉప్పే రెండు కిలోల చిల్లర! మధ్యలో నీళ్లు మార్చి ఉంటే కొంత తగ్గుతుంది. అయినా చేపలు స్కిమ్మర్ లేక చనిపోయాయా, ఉప్పెక్కి చనిపోయాయా అన్న అనుమానం కమిషన్‌కు రావడానికి ఈ లెక్క చాలు.

మీ తరఫున ఫిర్యాదు రాయాల్సి వస్తే నేను స్కిమ్మర్‌ను ముందు పెట్టను. ఈ ఉప్పు సంగతినే దుకాణదారు మీదికి తిప్పుతాను. ఏమీ తెలియని కొత్తవారికి మొత్తం సెట్టు అంటగట్టి, నీరు తగ్గితే ఏ నీళ్లు పోయాలో కూడా చెప్పలేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సేవాలోపానికి ఇచ్చిన నిర్వచనంలో, అవసరమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడం కూడా చేరుతుంది. ‘ఉద్దేశపూర్వకంగా’ అన్న మాట దగ్గర వాదన జరుగుతుంది, జరగనివ్వండి. మీరు ఉంటున్న జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు. 41,500 మొత్తం వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. తొట్టె, లైటు, పంపు బాగానే పనిచేస్తున్నాయి కదా, వాటి ధర ఎందుకు వెనక్కి ఇప్పిస్తారు? చేపల ధర, కొంత పరిహారం, ఖర్చులు వస్తే మంచి ఫలితమే.

ఇప్పుడు అసలు చిక్కు. మీరు వెంట్రుక పట్టుకుని లాగుతున్నారు, దాని చివర కొండ ఉంది. గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులి, ఏనుగు ఉన్న షెడ్యూల్ అదే. నల్ల పగడాలు, అగ్ని పగడాలు, ఆర్గన్ పైప్ పగడం, సముద్రపు విసనకర్రలనే గోర్గోనియన్లు కూడా అందులోనివే. 40వ సెక్షన్ ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి ముందుగా లేకుండా మొదటి షెడ్యూల్ ప్రాణిని అమ్మడమే కాదు, తీసుకోవడం, దగ్గర ఉంచుకోవడం కూడా నేరం. శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. కనీస జైలుశిక్ష ఉన్న నేరం కాబట్టి, అధికారి దగ్గర డబ్బు కట్టి రాజీ పడే వీలు కూడా చట్టం ఇవ్వలేదు. పైగా వస్తువు మీ దగ్గర ఉందని తేలితే అది అక్రమమనే 57వ సెక్షన్ ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే. ‘అక్వేరియం సామగ్రి’ అని రాసిన బిల్లు అందుకు ఏం పనికొస్తుంది? ఆ దుకాణదారు అలా ఎందుకు రాశాడో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

(ఈ మాట చదివి వేలి ఉంగరం వంక చూసుకునేవారు ఉంటారు. కుజదోషానికని పెట్టుకునే ఎర్ర పగడం వేరు. దిబ్బలు కట్టే ఈ గట్టి పగడాల వర్గంలోకి అది రాదు.)

‘ఇవి విదేశాల నుంచి తెచ్చినవి’ అని దుకాణదారు అనవచ్చు. అంటే కాగితాలు అడగండి: ఆ దేశం ఇచ్చిన ఎగుమతి అనుమతి, మన దిగుమతి లైసెన్సు, కస్టమ్స్ పత్రం. అవన్నీ ఉన్నా మీ పని అయిపోలేదు. గట్టి పగడాలు అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ (CITES) అనే అంతర్జాతీయ ఒప్పందం కిందివి కూడా కాబట్టి, వన్యప్రాణి చట్టానికి 2022 సవరణ చేర్చిన 49ఎం సెక్షన్, 2024 ఫిబ్రవరి నాటి నిబంధనల కింద, బతికున్న వాటిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఇంటి తొట్టెల కోసం ఈ కాగితాలన్నీ సక్రమంగా ఉన్న గట్టి పగడాన్ని నా ప్రాక్టీసులో ఒక్కదాన్నీ చూడలేదు.

అందుకే ఆ 9,000 సంగతి మరిచిపోండి. చట్టం నిషేధించిన కొనుగోలును ఒప్పంద చట్టం, 1872లోని 23వ సెక్షన్ ఒప్పందంగానే గుర్తించదు. తెలియక కొన్నామని 65వ సెక్షన్ కింద వాదించే దారి ఉంది గానీ, దానికోసం పగడాలు మీ చేతికొచ్చాయని ప్రమాణ పత్రంలో ఒప్పుకోవాలి. తొమ్మిది వేలకు అంత సాహసం అక్కర్లేదు. అలాగని వాటి ఊసే లేదని అబద్ధపు ప్రమాణమూ చేయకూడదు. ముందు పగడాల వ్యవహారం తేల్చుకుని, ఆ తరువాతే ఫిర్యాదు రాయించుకోవాలి.

తేల్చుకోవడం ఎలాగంటే, వన్యప్రాణి కేసులు చూసే న్యాయవాది ద్వారా అటవీ శాఖకు రాతపూర్వకంగా తెలియజేయండి: ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు కొన్నారు, చట్టం సంగతి ఎప్పుడు తెలిసింది, అప్పగించడానికి సిద్ధంగా ఉన్నారు. ఇలాంటి ప్రాణి చేతికొచ్చిన 48 గంటల్లో తెలపాలని 39వ సెక్షన్ అంటుంది. ఆ గడువు దాటిపోయిన మాట నిజమే. తెలియగానే మీరే వెళ్లి చెప్పడానికీ, తనిఖీలో దొరకడానికీ కోర్టు దృష్టిలో చాలా తేడా ఉంటుంది. తెల్లబడిన ముక్కను చెత్తబుట్టలో వేయకండి. చచ్చిన పగడానికీ ఇదే చట్టం. బతికున్నదాన్ని స్నేహితుడికి ఇవ్వకండి, ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టకండి, విశాఖ వెళ్లినప్పుడు సముద్రంలో వదిలేద్దామని అసలే అనుకోకండి. రాళ్లను కూడా ఒకసారి పరీక్షగా చూడండి. ‘లైవ్ రాక్’ పేరుతో అమ్మేది చాలాసార్లు పాత పగడపు అస్థిపంజరమే.

మళ్లీ తొట్టె పెట్టుకోవాలన్న కోరిక ఉంటే, క్లౌన్ చేపలు ఈ షెడ్యూళ్లలో లేవు. వాటి చేత తొట్టెల్లోనే గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది కూడా. సముద్రంలో పట్టినవి కాక, అలా పెంచినవి అడిగి, బిల్లులో ఆ మాట రాయించుకుని కొనండి. చేపలు రెండే ఉండి, పగడాలు లేకపోతే స్కిమ్మర్ లేకుండా గడుస్తుందని మా జూనియర్ అంటున్నాడు.

వినియోగదారుల ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది, తొందర లేదు. అటవీ శాఖకు ఉత్తరం మాత్రం ఈ వారంలోనే వెళ్లాలి.